మూసుకోని వాకిలి

"పైవరసలో కూడా కదల్లేదయ్యా!" అని స్టెల్లా షెడ్డులో నుంచి అరిచింది.

పాల్ ఉరికొచ్చి తట్టల్లోకి తొంగి సూసినాడు. నిన్నటిదాకా కరకరమని మల్బరీ ఆకు నమిలిన పట్టుపురుగులు తెల్లారి వేసిన మేత మీదనే పడుండాయి. వేలుతో తట్టినాడు. తలకాయ ఎత్తలేదు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే తడి దారం మాదిరి వాలిపోయింది.

ఇంకో రెండు దినాలుంటే గూళ్ళు కట్టేవి. గూళ్ళు కట్టే చంద్రికలు కడిగి గోడకి ఆనించి పెట్టుకోనుండారు. పలమనేరు పక్క ఆ ఊర్లో కూలికి పొయ్యేవాళ్ళలో సొంత షెడ్డు వేసుకునింది వీళ్ళొక్కరే. ఇదే మొదటి పంట. ఈ పంట వస్తే ఇంగ ఒకరి తోటలోకి కూలికి పోకూడదని మొగుడూ పెండ్లామూ ఒట్టు పెట్టుకోనుండారు.

అందుకే స్టెల్లా నేమాలు అన్నీఇన్నీ కావు. సున్నంనీళ్ళలో కాళ్ళు కడగంది దేవుడొచ్చినా లోపలికి రానీదు. ఇంట్లో దోమలబత్తి ముట్టించనీలేదు. పాల్ చేత బీడీ మాన్పించేసింది. ఆకు వాడిపోకుండా తడిపి కప్పే పాతపంచె కూడా ఆకుకే, ఇంకోదానికి ముట్టదు.

"వాడే," అన్నాడు పాల్, కంచె అవతల టమాట తోటకల్లా సూస్తా. "నిన్న మందు కొట్టినాడు గోవిందయ్య."

"గాలి సూసే కొడతానన్నాడు గదయ్యా. అట్నే కొట్టినాడు, నేను సూస్తానే ఉణ్ణా."

"నువ్వు గాలిని సూసినావా?"

అంతలో ఇస్కూలు గుడ్డలేసుకోని ప్రశాంతి వచ్చి వాకిట్లో నిలబడింది. పదేండ్ల బిడ్డ. తల ఇరబోసుకోనుండాది.

"అమ్మా, జడెయ్యి. ఈ పొద్దు టీచరు నన్ను ముందు బెంచీలో కూర్చోబెడతాది. ఒక్క పేను కూడా లేదు సూడు!"

పేలుండాయని పోయిన వారం ఆ బిడ్డని ఇంటికి పంపించేసినారు. నిన్న సాయంత్రం స్టెల్లా మందుల షాపులో తెచ్చిన మందు రాసి, తలకి గుడ్డ సుట్టి, పది నిమిషాలు కూర్చోబెట్టి స్నానం పోసింది.

"నీ జడకిదా ఏళ? నువ్వే ఏసుకోని పో!" అని కసిరింది స్టెల్లా. బిడ్డ మొగం మాడ్చుకోని పోయింది.

పదకొండుకి పట్టుపరిశ్రమ ఆఫీసు నుంచి భానుప్రియ మేడం స్కూటీ మీద వచ్చింది. పురుగుల్ని తిరగేసి మరగేసి సూసింది.

"కక్కినాయా? గింజుకున్నాయా?"

"లేదు మేడం. నిద్రపోయినట్టు పడిపోయినాయి."

"అయితే టమాట మందు కాదప్పా ఇది."

పాల్‌కి కోపమొచ్చింది. "అదెట్లా చెప్తారు మేడం?"

"పురుగు నరానికి కూడా వాకిళ్ళుంటాయి. ఒక నరం ఇంకో నరానికి కబురు పంపిస్తే, ఆ కబురు తాళంచెవి మాదిరి వాకిలికి తగులుకుంటాది. వాకిలి తెరుచుకోని కొంచెం ఉప్పు లోపలికి పోతాది, మళ్ళా మూసుకుంటాది. ఒక రకం వాకిలి తెరిస్తే నరం ఉలిక్కిపడతాది. టమాట మందు దాన్ని పట్టుకుంటాది. అప్పుడు పురుగు గింజుకోని, కక్కి సస్తాది. ఇంకో రకం వాకిలి తెరిస్తే నరం సల్లబడతాది. ఇక్కడ ఏదో మందు ఆ రెండో వాకిట్లో తాళంచెవి ఇరిగిపోయినట్టు ఇరుక్కునింది. వాకిలి ఇంగ మూసుకోలా."

"మాక్కూడా ఏమన్నా అవుతాదా మేడం?" అనింది స్టెల్లా.

"ఆ వాకిలి మనకి లేదమ్మా. పేనూ, పిడుదూ, పురుగూపుట్రకే. ఆవులకి పిడుదులు రాలిపొయ్యేదానికి ఆ మందేస్తారు, ఆవుకేం కాదు. మీకు ఆవులుండాయా?"

"లేవు మేడం."

"ఆకు కోసిందెవురు?"

"నేనే, నిన్న పొద్దు గూకేటప్పుడు," అన్నాడు పాల్. "ఈమె బిడ్డకి తలకి పోస్తా ఉణ్ణింది. పెరట్లో ఉణ్ణిన తడిబట్ట కప్పి పెట్టినాను."

"బట్ట ఆకుకే వాడతారా?"

"ఆకుకే మేడం," అనింది స్టెల్లా, అంత దుఃఖంలోనూ తలెత్తి.

మేడం నాలుగాకులు కవర్లో వేసుకునింది. "పరీక్షకి పంపిస్తాను. అందాకా ఎవుర్నీ ఏమీ అనొద్దండి," అని చెప్పి పోయింది.

స్కూటీ మలుపు తిరిగిందో లేదో, పాల్ పార తీసుకున్నాడు.

"యాడికయ్యా?"

"ఊర్లో రెండు జెర్సీ ఆవులుండేది ఎవురికి? పోయిన వారం పిడుదుల మందు వేయించినానని టీకొట్లో చెప్పిందెవురు? గాలికొచ్చింది కాదే ఇది. తెచ్చి జల్లినాడు!"

"మేడం వద్దనింది గదా... నిలబడయ్యా!"

నిలబడలేదు. కంచె అవతల నుంచి గోవిందయ్య గొంతు ఇనబడింది. "నేనెందుకు జల్లుతానప్పా? నీ ఆకుతోటకి నీళ్ళు నా బోరు నుంచే గదా పారేది! నీ పంట సావాలనుకుంటే నీళ్ళు నిలిపేస్తే సాలదా?"

ఆ మాటకి పాల్ బదులేం చెప్పినాడో ఇనబడలేదు. దబ్బుమని ఒక సప్పుడు ఇనబడింది, అంతే.

స్టెల్లా ఉరికిపోయేటప్పటికి గోవిందయ్య టమాట కట్టెల మధ్యన పడుండాడు. చెవులో నుంచి నెత్తురు కారతా ఉండాది. పాల్ పార పట్టుకోని బొమ్మ మాదిరి నిలబడుండాడు.

"స్టెల్లమ్మా," అన్నాడు గోవిందయ్య. "నా ఆవుల మీద ఒట్టు..."

అంబులెన్సు చిత్తూరు చేరకముందే పానం పోయింది. సాయంత్రం జీపొచ్చి పాల్‌ని ఎక్కించుకోని పోయింది. జీపు ఎక్కతా పెండ్లాన్ని ఒకటే మాట అడిగినాడు. "వాడే గదా మే?"

"వాడేనయ్యా," అనింది స్టెల్లా. ఆ మనిషికి ఇంగేం చెప్తాది?

జీపు పోయినాక పెరట్లోకి వచ్చింది. దండెం మీద ఎండిన పాతపంచె మొగానికి తగిలితే పక్కకి నెట్టేసింది. మిగిలిన ఆకు ఇంకే పురుగుకీ పెట్టకుండా గుంత తీసి పూడ్చేద్దామని, దాని మీద కప్పిన తడిబట్ట లాగింది.

బట్ట నిండా ప్రశాంతి తలవెంట్రుకలు.