అడగాల్సిన ప్రశ్న

"ఇరవై ఒకటో నంబరు!"

బంట్రోతు కేక వినగానే ఇస్త్రీ పెద్దమ్మ చేతిలోని చీటీ మరోసారి చూసుకుంది. పక్కన కూర్చున్న దర్జీ మామ ఆమె మోచేతిని పొడిచాడు.

"లే అమ్మాయ్, నిన్నే."

"అంతా మర్చిపోతానేమో మామా."

"మర్చిపోతే పోనీ. ఎవరు నేర్పారన్నది మాత్రం నోరు జారకు. వీధి వీధంతా ఒట్టేసుకున్నాం."

ఆమె తలూపి లేచింది. మైకు పది అడుగుల దూరంలో ఉంది. పది మైళ్ళనిపించింది.

ఊరవతల కొత్త పారిశ్రామికవాడ వస్తోంది. దానికో పెద్ద రోడ్డు కావాలి. వేలమందికి పని దొరుకుతుందని గోడల నిండా పోస్టర్లు అంటించారు. ఆ రోడ్డు ఇస్త్రీవాళ్ళ వీధి మీదుగా పోతుందని మాత్రం ఆ పోస్టర్లలో లేదు. ఇరవై రెండు ఇళ్ళు, నీళ్ళ తొట్లు, బట్టలారేసే మైదానం అన్నీ లేచిపోతాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇదే ఆఖరి రోజు. ఇప్పటిదాకా ఇరవైమంది మైకు దగ్గరికెళ్ళి ఏడ్చారు, దండాలు పెట్టారు. బల్ల వెనకున్న పెద్దాఫీసరు అందరికీ ఒకటే జవాబిచ్చాడు. "రాసుకున్నాం. కూర్చోండి."

పెద్దమ్మ ఏడవదల్చుకోలేదు. పది రోజులుగా బొగ్గుల పెట్టె తోస్తూ చెప్పాల్సిన మాటలన్నీ వల్లెవేసింది. ఆ ధ్యాసలో రెండు చొక్కాలు కాల్చి చీవాట్లు కూడా తింది.

"రోడ్డొద్దని చెప్పడానికి రాలేదు బాబూ" అని మొదలుపెట్టింది. "ఫ్యాక్టరీలొస్తే మా పిల్లలూ పనికి పోతారు. మాకూ గిరాకీ పెరుగుతుంది. కానీ ఆ పని మా దాకా వచ్చేలోపే మా ఇళ్ళు పోతే, ఇక బాగుపడేదెవరు?"

"రాసుకున్నాం. కూర్చోండి."

"కూర్చోను బాబూ. ఇంకో మాటుంది. ఈ రోడ్డుకు రెండో దారి కూడా ఉందంట కదా?"

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. పెద్దాఫీసరు కలం కింద పెట్టాడు.

"ఎవరు చెప్పారు మీకు?"

ఆమె కొంగు సర్దుకుంది. దర్జీ మామ వైపు చూడాలనిపించింది కానీ చూడలేదు.

"ఒకరు చెప్పేదేముంది బాబూ? గోదాముల వెనక నుంచి రోజూ మూట మోసుకుపోతాను. నా కాళ్ళే చెప్పాయి."

ఆఫీసరు విసుగ్గా పక్కకు తిరిగాడు. "ఇంజనీరుగారూ, మీరు చెప్పండి ఈవిడకు."

పటం పక్కన బెత్తం పట్టుకుని నిలబడ్డ ఇంజనీరు పాతికేళ్ళు దాటని పిల్ల. కళ్ళ కింద నల్లటి చారలు. గొంతు మాత్రం కటువుగా ఉంది.

"అమ్మా, ఊరికే అనేస్తే సరిపోదు. ఆ దారి ఎటు పోతుందో ఇక్కడ చూపించగలరా?"

పెద్దమ్మ వేదిక మెట్లెక్కి పటం దగ్గరికెళ్ళింది. వేలితో వంతెన దగ్గర మొదలుపెట్టి, గోదాముల వెనకగా గీత గీసినట్టు చూపించింది.

"అక్కడ నేల మెత్తన. రోడ్డు నిలవదు" అంది ఇంజనీరు.

"రోడ్డు నిలవని చోట నిండు లారీలెలా నిలుస్తున్నాయి తల్లీ? వానాకాలంలో కూడా ఒక్కటంటే ఒక్కటి దిగబడడం నేను చూళ్ళేదు."

హాలు గొల్లున నవ్వింది. ఇంజనీరు కింది పెదవి కొరుక్కుంది. అది చూసి పెద్దమ్మ పటం మీదినుంచి వేలు తీసేసింది. ఇక చాలు, దిగి వెళ్ళిపోదామనుకుంది. మిగిలింది ఒక్క ప్రశ్నే. కానీ అసలుది అదే. ఆ ఒక్కటీ నేనడగనని ఆమె పది రోజులుగా మొత్తుకుంది. అదడగకపోతే మిగతావన్నీ దండగేనని నేర్పినవాళ్ళు పట్టుబట్టారు.

"ఇంకేమైనా అడగాలా అమ్మా?" ఇంజనీరు సూటిగా చూసింది.

పెద్దమ్మ మెట్ల వైపు తిరిగింది.

"ఉంటే ఇప్పుడే అడగండి. రేపు ఎవరూ వినరు."

పెద్దమ్మ వెనక్కి తిరిగి బల్ల అంచు పట్టుకుంది. ఆఖరికి అడిగేసింది.

"ఆ రెండో దారిని మీరు కొలిచారా, లేదా? కొలిస్తే ఈ కాగితాల్లో ఎందుకు లేదు?"

"ఆ ప్రశ్న ఇక్కడ అనవసరం..." అంటూ పెద్దాఫీసరు లేచాడు. అప్పటికే ఇంజనీరు బల్ల మీది మైకు అందుకుంది. ముందు వరసలో విలేఖరులు తలలెత్తారు.

"కొలిచాను. నేల మెత్తనన్నది నాతో చెప్పించిన మాట. ఆ దారిలో ఒక్క ఇల్లు కూడా పోదు. ఖర్చులో పెద్ద తేడా లేదు. ఇదంతా నివేదికలో రాసిచ్చాను. గోదాముల యజమాని వచ్చివెళ్ళిన మర్నాడు ఆ పేజీలు తీసేశారు. ఎవరూ అడక్కుండా నేను నోరు విప్పడానికి వీల్లేదు. ఇవాళ అందరి ముందూ అడిగారు కాబట్టి చెబుతున్నాను."

హాలంతా గందరగోళమైపోయింది. అరగంట తర్వాత పెద్దాఫీసరు చెమట తుడుచుకుంటూ ప్రకటన చదివాడు. రెండు దారులూ మళ్ళీ కొలుస్తారు. అంతవరకూ ఏ ఇంటినీ ముట్టుకోరు. అదే కాగితంలో కింద ఇంకో ముక్క ఉంది. ఇంజనీరును ఈ క్షణం నుంచే విధుల నుంచి తప్పిస్తున్నారు.

ఆ రెండో ముక్క చాలామందికి వినపడనే లేదు. జనం ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. దర్జీ మామ కళ్ళు ఒత్తుకుంటూ, "గెలిపించావే అమ్మాయ్!" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేకపోయింది. ఇంజనీరు బెత్తం పటానికి ఆనించి, సంచీ భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా ఆమె పక్కనుంచే బయటికి నడిచింది.

బంట్రోతు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెద్దమ్మ చేతికిచ్చాడు.

"తాగు పెద్దమ్మా, ఇంతసేపూ నిలబడే ఉన్నావు." అతని చూపు గేటు దాటుతున్న పిల్ల మీదే ఉంది. "సర్కారు హాస్టళ్ళలో ఉండి చదువుకుని ఇంతదాకా వచ్చిందట. ఒక్క పూటలో అంతా పోగొట్టుకుంది. ఎవరు కన్న బిడ్డో, పాపం!"

నోటిదాకా వచ్చిన మాటను ఆమె నీళ్ళతోపాటు మింగేసింది.

'నా బిడ్డే, నాయనా.'