విరగబూసిన వాలు

"కదలకు!" రోడ్డు మీద నుంచి భర్త అరిచాడు.

కొండవాలులో మోకాలెత్తున విరగబూసిన అడవిపూల మధ్య ఆమె ఫోటో కోసం నవ్వుతూ నిలబడింది. వసంతం మొదట్లోనే చూడాలని, పోరి పోరి ఆయన్ని బయల్దేరదీసింది తనే.

"ఏమైందండీ? పామా?"

"కాదు. వెళ్లేటప్పుడు నువ్వు తొక్కిన పూల మీదే అడుగులేస్తూ రా. పక్కన కాలు పెట్టకు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు అలా వణకడం ఆమె ఎప్పుడూ వినలేదు. నలిగిన కాడలు కొన్ని అప్పుడే మళ్లీ లేచి నిలబడుతున్నాయి. ఎక్కడ తొక్కిందో వెతుక్కుంటూ, ఊపిరి బిగబట్టి ఒక్కో అడుగూ వేసింది.

"తొందరేం లేదు, నెమ్మదిగా రా," అంటూ ఆయన చేయి చాపాడు.

రోడ్డెక్కగానే ఆమెను వాటేసుకుని భోరుమన్నాడు.

ఆయన కాళ్ల దగ్గర, తీగలు కప్పేసిన బోర్డు ఒకటి పడి ఉంది. ఆయన తీగలు తప్పించిన చోట అక్షరాలు కనబడుతున్నాయి:

"యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇంకా తీయలేదు. లోపలికి వెళ్లొద్దు."

ఆమె తలెత్తి చూసింది. ఎదుటి కొండ మీద మేకలు మేస్తున్నాయి. అక్కడ ఒక్క పువ్వు కూడా లేదు.

ఈ వాలులోకి మాత్రం ఏ కాపరీ ఏళ్ల తరబడి ఒక్క మేకనైనా తోలలేదు.