సూది గదిలో మస్తానమ్మ

మిర్చి యార్డులో ప్రతి వీధికీ ఒక సూది గది వచ్చిన కాలమది. కూలీలు పరగడుపున అక్కడికి వెళ్లి, ఆ తర్వాతే పనిలోకి దిగేవారు. గొంతులోంచి దిగిన సన్నటి అల్ట్రాసౌండ్ గొట్టం ఛాతీలో వాచిన గ్రంథులను తెర మీద చూపించేది. సూదితో చుక్కంత తీస్తే క్షయ ఉన్నదీ లేనిదీ అప్పుడే తేలిపోయేది.

ఒకరోజు గోదాము యజమాని పిచ్చయ్య దగ్గుతూ వచ్చి, సూది గదిలో పరీక్షలు చేసే మస్తానమ్మ ముందు కూర్చున్నాడు. ఊరంతటికీ ఈ పరీక్ష యంత్రం ఒక్కటే ఉన్న రోజుల్లో అది ఆయన గోదాములోనే ఉండేది. "కూలోళ్లకెందుకు?" అని, పరీక్ష కోసం వచ్చిన ఆమె భర్తను గేటు దగ్గరే తరిమేశాడు. కఫం పరీక్షలో జబ్బు బయటపడక, మందు అందక అతను చనిపోయాడు.

గొట్టం దించాక మస్తానమ్మ ఆయన కళ్లలోకి చూసింది.

"నేను సైదులు పెళ్లాన్ని."

పిచ్చయ్య కళ్లు భయంతో పెద్దవయ్యాయి. గొట్టం అడ్డుండి మాట రాలేదు. ఆమె పద్ధతిగా సూది గుచ్చి, పద్ధతిగా తీసింది.

క్షయేనని తేలింది.

"ఎవరికీ చెప్పమాకమ్మా. మాత్రలు ఇంటికి పంపించు," అని ఆయన బతిమాలాడు.

"ఇక్కడే, నా ఎదుటే మింగాలని చట్టమండీ. రోజూ కూలోళ్ల వరసలో నిలబడండి. మా ఆయన పేరు అందరికీ వినపడేట్టు చెప్పి మింగండి. మిమ్మల్ని చావనివ్వను."

ప్రతి పొద్దునా ఆయన "సైదులు" అన్నాకే ఆమె నీళ్లు అందించేది.

జబ్బు నయమైంది. ఇంట్లో అన్నం ముద్ద ఎత్తినా పిచ్చయ్య నోటివెంట ముందు ఆ పేరే వస్తోందని యార్డులో చెప్పుకున్నారు. అది విన్న రోజు మస్తానమ్మ చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా తిన్నది.