తీసేసిన నంబరు

మరమగ్గాల షెడ్డులో ఆ మోతకు ఫోను మోగినా వినపడదు. అందుకని ఆదిలక్ష్మమ్మ దాన్ని రొంటిన దోపుకుంటుంది. అదిరితే తెలుస్తుంది.

ఆ రోజు అదిరింది. తనకు చదువు రాదు గనక పక్కన కండెలు చుట్టే కోమలి చేతికిచ్చింది.

"మీ ఊరి గ్రూపులో నీ గురించే పెట్టినారు పెద్దమ్మా. ముంపు జాబితాలో మీ ఇంటికి 'తాళం' అని రాసినారంట. నీకు ఇంటిస్థలం రాదంట."

ఆదిలక్ష్మమ్మ చేయి ఆగిపోయింది. మునిగే ఇళ్ళ లెక్కకు సర్వే వాళ్ళు వచ్చిన వారం ఆమె కూతురి పురుటికని పోయింది.

"ఇంకేం రాసినారు మే కోమలీ?"

"ఇరవయ్యో తేదీ విచారణ ఉండాదంట. ఊరోళ్ళు ఎవురన్నా వచ్చి, ఈమె ఈడనే కాపురముండె అని సాక్ష్యం చెప్తే పేరెక్కిస్తారంట."

"ఎవురు పెట్టినారది?"

"పేరు లేదు. ఉత్త నంబరే."

గుండ్లకోన ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగి నాలుగేళ్ళయింది. నూటనలభై ఇళ్ళ వాళ్ళు నగరికి, పలమనేరుకు, బెంగుళూరుకు చెదిరిపోయారు. ఊరని చెప్పుకోవడానికి మిగిలింది ఆ వాట్సాప్ గ్రూపొక్కటే. దాన్ని నడిపేది పలమనేరులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న ధనశేఖర్.

ఆ పేరులేని నంబరు గ్రూపులో చేరి ఆరు నెలలు. ముంపు ఆఫీసు బోర్డు మీద ఏది అంటించినా ఫొటో తీసి పెడుతుంది. ఎవరి పేరు తప్పు పడిందో, ఏ కాగితం తెచ్చుకోవాలో విడమరిచి రాస్తుంది. ఆ పుణ్యాన అప్పటికే పదకొండు ఇళ్ళ వాళ్ళకు స్థలాలొచ్చాయి.

ధనశేఖర్‌కు అక్కడే అనుమానం పుట్టింది.

"ఎవురప్పా నువ్వు?" అని గ్రూపులోనే అడిగాడు.

"ఊరోడినేన్నా."

"ఎవురింటోడివి?"

దానికి బదులు ఆఫీసు బోర్డు ఫొటో ఇంకొకటి వచ్చింది.

"స్థలాల బ్రోకరేమో మామా," అని బెంగుళూరు నుంచి చక్రధర్ అందుకున్నాడు. "లాభం లేకుండా ఇంత చాకిరీ ఎవురు చేస్తారు?"

"ఉండు, ఇప్పుడే తేలుస్తా," అని ధనశేఖర్ టైపు చేశాడు. "మనూరి దిగుడుబావికి మెట్లెన్ని?"

గ్రూపంతా హుషారైంది.

"నన్నడగండి. ఏడో మెట్టు కాడ జారి ముందరి పండ్లు రెండు ఆడనే వదిలేసినా," అన్నాడు చక్రధర్.

"ఆ పండ్లకు గూడా పరిహారం అడగరా," అన్నారింకెవరో.

నంబరు మాత్రం చాలాసేపు ఏదో టైపు చేస్తూ, ఆపేస్తూ ఉంది. చివరికి ఒకే మాట వచ్చింది.

"తెలీదన్నా."

"చూసినారా," అన్నాడు ధనశేఖర్. "ముప్ఫైరెండు మెట్లు. మనూళ్ళో చంటిబిడ్డకైనా తెలుసు. వీడు మనోడు కాదు. తీసేస్తాండా. విడిగా మెసేజి పెట్టినా, ఫోను చేసినా ఎత్తొద్దు. అందురూ బ్లాక్ చేయండి."

అందరూ చేశారు. ఆదిలక్ష్మమ్మ ఫోనులో కోమలి చేసింది.

"సాక్ష్యానికి నేనొస్తాలే అత్తా, నీకేం దిగుల్లేదు," అని ధనశేఖర్ మాటిచ్చాడు.

ఇరవయ్యో తేదీన ఇద్దరూ ముంపు ఆఫీసుకు పోయారు. గుమాస్తా కాగితం చూసి తలెత్తాడు.

"అయిపోయింది గదమ్మా. తేదీ ముందుకు మార్చి విచారణ పదమూడుకే జరిపినాం. బోర్డు మీద అంటించినాం."

"బోర్డు చూసేదానికి మేమేమన్నా ఈడనే ఉండామా సార్?" అన్నాడు ధనశేఖర్.

"మీ ఊరాయన చూసినాడే. ప్రతి సోమవారం వస్తాడు. మీ ఫోన్లు ఒక్కటీ కలవలేదంట. విచారణ దినం ఆయనే వచ్చి, ఈమె ఆ ఊర్లోనే కాపురముండె, నేను సాక్షి అని నిలబడినాడు."

"మరింకేం సార్?" అంది ఆదిలక్ష్మమ్మ ఆశగా.

"సాక్షి పేరు జాబితాలో ఉండాలమ్మా. ఆయన పేరే లేదు. ఊరి బయట వాళ్ళ వాడ, ముప్ఫై గుడిసెలు, అవీ నీళ్ళలోనే పోయినాయి. ఊరి హద్దులో లేవని ఎవురూ లెక్కలో ఎక్కించలేదు. ఆయన సాక్ష్యం చెల్లలేదు. నీ అర్జీ కొట్టేసినారు."

"మళ్ళా పెట్టుకుంటే?"

"మళ్ళా లేదమ్మా. అదే ఆఖరు."

ఆదిలక్ష్మమ్మ గోడకానుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"ఆయన పేరేంది సార్?" అని అడిగాడు ధనశేఖర్.

గుమాస్తా దస్త్రం తిప్పాడు. "మునిచంద్ర. తండ్రి చిన్నబ్బ."

"ఈ పేరోళ్ళు మా ఊళ్ళో ఎవురూ లేరు. బావికి మెట్లెన్నో తెలీనోడు మా ఊరోడెట్లయితాడు?"

"వాండ్లను మనం బావిలోకి ఎన్నడు దిగనిచ్చినాం ధనశేఖరా," అంది ఆదిలక్ష్మమ్మ కింద నుంచే, "మెట్లు లెక్కబెట్టుకునేదానికి?"

ధనశేఖర్ దస్త్రంలోని ఆ పేరు వైపు మళ్ళీ వంగి చూశాడు.

"నువ్వు ఉయ్యాల్లో ఉంటివి. మీ నాయన పోయిన దినం మీ జేజి వచ్చి కొడుకు మొగం కడసారి చూసుకునిందంటే, ఎండలో ఇరవై మైళ్ళు ఉత్తకాళ్ళతో నడిచిపోయి ఆమెకు ఆ కబురు చెప్పినోడు ఈ మునిచంద్రే."