మలుపులో పట్టు

ఏడాదిగా మొహం చూడని బాబాయి గ్యారేజీలోకి వచ్చి, మెకానిక్ మీదికి తాళాలు విసిరాడు.

“నా కొడుకు కారుకి ఏం చేశావో నా కారుకీ అదే చెయ్యి. వాణ్ణి చంపిన చేతులేగా!”

మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. “నా పనిలో తప్పు లేదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వింటేగా నువ్వు!”

అయినా గట్టి స్ప్రింగులు వేశాడు. కారు ఎత్తు తగ్గించి, చక్రాల అలైన్‌మెంటు తమ్ముడి కారుకి పెట్టినట్టే పెట్టాడు.

“ఎక్కు,” అన్నాడు బాబాయి.

కారుని తిన్నగా తమ్ముడు గుద్దుకుని పోయిన మలుపు మీదికే ఉరికించాడు.

“బ్రేకు వెయ్యి బాబాయ్! ఇద్దరం చస్తాం!”

“చద్దాం. నీ పనితనం ఇవాళ తేలిపోవాలి.”

కారు రోడ్డుని కరుచుకుని, గీత దాటకుండా మలుపు తిరిగింది.

బాబాయి పక్కకి తీసి ఆపాడు.

“ఆ రోజు వాడి స్పీడు ఇందులో సగమేనని పోలీసులు చెప్పార్రా. అయితే... వాడు కావాలనే స్టీరింగు తిప్పలేదన్నమాట.”

తన పనిలో తప్పుందని ఎన్నడూ ఒప్పుకోని మెకానిక్ తల దించుకున్నాడు.

“ఆ రోజు నట్టు ఒకటి నేనే సరిగ్గా బిగించలేదేమో బాబాయ్. నన్నే తిట్టు.”