గోగుకు దీర్ఘం

తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. గుడులూ దీర్ఘాలూ ఇప్పటికీ చేతిలోంచి జారిపోతుంటాయి. రాయడం కూడా నిదానమే. ఈ ఒక్క కాగితానికి నాలుగు రోజులు పట్టింది.

అంకాలమ్మ ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది.

ఎస్సై వెంకటకృష్ణ చేతిలో ఒక అర్జీ ఉంది. రాసినవాడు ఆకాశరామన్న. మొగుడు పోయిన అంకాలమ్మ ఇంట్లో గంజాయి గింజలు దాచిందనీ, తొలి వాన పడగానే అడవి అంచున చల్లిస్తుందనీ అందులో ఉంది.

అంకాలమ్మ చేతిలో చేట కింద పెట్టి లేచింది.

"ఏంది నాయనా, ఇంత పొద్దున్నే?"

"నీ కుండల్లో గంజాయి గింజలున్నాయట పెద్దమ్మా. దొరికితే నిన్ను జీపెక్కించక తప్పదు."

"చూసుకో నాయనా. కుండలు మాత్రం కదిలించొద్దు. ఆరుద్ర కార్తెకు ఇంకా పన్నెండు రోజులుంది. ఇప్పుడు చెమ్మగాలి తగిలితే ఒక్క గింజ మొలవదు."

అది నిజమే. ఊరు ఊరంతా విత్తనం ఆమె దగ్గరే దాచుకుంటుంది. గింజలకు మూడు ఎండలు చూపిస్తుంది. నీడలో చల్లారాకే కుండకు ఎత్తుతుంది. అడుగున బూడిద, పైన ఎండిన వేపాకు. మూతికి గుడ్డ కట్టి పేడమన్నుతో మెత్తుతుంది. కుండలు నేలకు తగలకుండా చీకటి గదిలో బల్ల మీద ఉంటాయి. అంకాలమ్మ దాచిన గింజ మొలవలేదన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

పోయినేడు డ్వాక్రా సంఘంలో అరుణమ్మ అక్షరాలు నేర్పింది. అప్పటినుంచి అంకాలమ్మ ప్రతి కుండ మీదా సుద్దముక్కతో పేరు రాస్తోంది.

ఎస్సై గదిలోకి వెళ్లి టార్చి వేశాడు. ఆ వెంటనే తలకొట్టుకున్నాడు.

ఆయన పోలీసు కాకముందు మార్కాపురంలో తెలుగు మాస్టారు. అక్షరం తప్పు కనిపిస్తే అన్నం సయించదు. నెల కిందట దారిలో జీపు ఆపించి మరీ, టిఫిన్ బండి మీద 'ఇడ్డిలి'ని 'ఇడ్లీ'గా దిద్దించాడు. ఆ కథ ఊళ్లన్నీ చెప్పుకుని నవ్వాయి. అంకాలమ్మా నవ్వింది.

"కంది కాస్తా కంద అయింది. జొన్నకు ఒత్తు లేదు. ఏం చదువు పెద్దమ్మా ఇది?"

"వయసు మీద పడినాక వచ్చిన చదువు నాయనా. అట్లనే ఉంటది."

టార్చి వెలుగు మూలనున్న కుండ మీద ఆగిపోయింది. దాని మీద ఒక్క తప్పు కూడా లేకుండా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: గంజాయి.

కానిస్టేబుల్ ఆదినారాయణ ముందుకొచ్చి చదివాడు. అతనిదీ ఆ ఊరే.

"అత్తా! పేరు కూడా రాసి పెట్టినావా?"

ఎస్సై చాకుతో మెత్తు లేపి, గుడ్డ విప్పి, కుండను గోనెపట్టా మీద కుమ్మరించాడు. కొర్రబియ్యం. చెయ్యి పెట్టి కలియబెట్టాడు. అన్నీ కొర్రబియ్యమే.

"అవి తినేవి నాయనా," అంది అంకాలమ్మ. "నేను ఇంట్లో లేనప్పుడు కోడలు విత్తనం తీసి వండేస్తదని భయం. ఇందులోవి తీసి గంజి కాయి అని దానికి గుర్తు రాసినా. ఏం, తప్పు పోయిందా?"

ఎస్సై ఆ అక్షరాలను మళ్లీ చూశాడు. గంజికాయి. 'జి' మీద గుడి పోయింది. 'క' పోయింది. మిగిలింది గంజాయి.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు తుడుచుకుని, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. "గుడి మింగేసి జైలు కొనితెచ్చుకునేదానివి కదా పెద్దమ్మా!"

అయినా వచ్చిన పని వచ్చిన పనే. పక్కనున్న కుండ మెత్తుకు చాకు ఆనించాడు.

అంకాలమ్మ ఒక అడుగు ముందుకేసింది. "నాయనా, అది విప్పితే మళ్లీ మొలక రాదు!"

చాకు ఆగింది. ఎస్సై మొహం చిట్లించాడు. చూస్తున్నది ఆమె వైపు కాదు, కుండ వైపు.

"గొగు ఏమిటి గొగు? దీర్ఘం ఏదీ?"

"ఏదో ఒకటుంటదని తెలుసు సారూ. ఎక్కడ పెట్టాల్నో తెలియలా."

"ఇటివ్వు."

చాకు కింద పెట్టి, సుద్దముక్క అందుకున్నాడు. బొటనవేలితో పాత అక్షరాన్ని చెరిపి, గుండ్రంగా, ముత్యంలా 'గోగు' అని రాశాడు. ఆ చేత్తోనే కంద కాస్తా కంది అయింది, జొన్నకు ఒత్తు వచ్చింది. పదకొండు కుండలూ అయ్యేసరికి యూనిఫాం నిండా సుద్ద.

ఆదినారాయణ నెమ్మదిగా అన్నాడు. "సార్, గంజాయి అని రాసిన కుండలోనే గంజాయి లేకపాయె. ఇంక గోగుల్లో ఏముంటది? మా కందులు గూడా ఈడనే ఉండాయి సార్."

ఎస్సైకి సబబుగానే తోచింది. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రోజూ రెండు పేజీలు చూచిరాత రాయి పెద్దమ్మా," అని చెప్పి జీపెక్కాడు.

"అట్లే నాయనా," అంది అంకాలమ్మ, చేతులు జోడించి.

ఆ సాయంత్రం ఆమె గదంతా దులిపి కుండలన్నీ తుడిచింది గానీ, ఎస్సై గారు స్వయానా 'గోగు' అని రాసిపోయిన గంజాయి గింజల కుండకు మాత్రం గుడ్డ తగలనివ్వలేదు, అక్షరం చెరిగిపోతుందని.

అంకాలమ్మ, అరవై ఎనిమిదేళ్లు.
ఇప్పుడు ఉండేది దొనకొండ దగ్గర. ఊరిపేరు రాసేంత చదువు ఇంకా రాలేదు.