ముసుగువాడి ఐదో చావు

విమానం పోతే పోయిందిలే, ఆకాశమన్నాక పోదా! లోకం అంతమైపోయి నూరేళ్ళయిందని సినిమా మొదట్లోనే అక్షరాలేసి చెప్పారు, నిజమే. అయినా అక్కడ కథానాయకుడు చివరి నీళ్ళడబ్బా కోసం పన్నెండుమందిని గాల్లోకి లేపి తంతుంటే, ఆ తన్నులు చూడాలిగానీ మబ్బుల సందున పాకే చుక్కను చూసేవాళ్ళుంటారా?

ఉంటారు. టీవీ ముందు కూర్చున్న ఈ అత్తగారే. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన కళ్ళవి. ఒక్క పోగు తప్పినా పట్టేస్తాయి.

"ఇదిగో!" అంటూ ఆవిడ రిమోట్ నొక్కి బొమ్మను ఆపేసింది. "లోకంలో పెట్రోలు చుక్క లేదన్నారే, మరి ఇది దేనిమీద ఎగురుతోంది నాయనా? వీళ్ళ ఆవేశం మీదా?"

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు గోడ గడియారం చూశాడు. నాలుగున్నర. ఐదింటికల్లా భార్య ఆఫీసు నుంచి వచ్చేస్తుంది. ఆలోగా ఈ సినిమా అయినా అయిపోవాలి, ఈవిడ ఓపికైనా అయిపోవాలి.

మోకాలికి ఆపరేషనయ్యాక, ఇక సినిమా దెబ్బలాటల్లో పడనని అతను భార్యకు మాటిచ్చాడు. "మళ్ళీ పడ్డారని తెలిస్తే ఆ రోజే నా బట్టలు సర్దుకుంటాను" అని ఆమె ఆస్పత్రి మంచం పక్కనే చెప్పేసింది. గోడౌన్లో సరుకు లెక్కలు రాసే పని దొరికిందన్నాడు. దొరకలేదు. ఆ తెర మీద ముసుగేసుకుని చస్తున్న బందిపోటు అతనే.

అదీ ఒక్కసారి కాదు. అరవైమంది బందిపోట్లకుగాను ఆ కంపెనీ పెట్టింది ఎనిమిదిమందిని. చచ్చినవాడు పక్కకు దొర్లి, ముసుగు మార్చుకుని, పరిగెత్తుకొచ్చి మళ్ళీ చావాలి.

"వీడు ఇందాకే పోయాడుగా?" అంది అత్తగారు.

"వాడు వేరు అత్తయ్యా. వాడిది ఎర్ర ముసుగు."

"ముసుగు వేరు, మనిషి అదే. కుడిభుజం ఎలా జారిపోయిందో చూడు. ఇలాంటి భుజానికి చొక్కా కుట్టడమంటే నరకం."

అల్లుడు తన కుడిభుజాన్ని మెల్లగా పైకెత్తుకున్నాడు.

"మీ సీరియల్ వేళయినట్టుందే?"

"సీరియల్లో ఒక్కడూ చావడు. ఇదే నయం, చచ్చినవాళ్ళు కూడా లేచొచ్చి పని చేసుకుంటున్నారు."

అతనికి ఒళ్ళు మండింది. దొంగకు అందరూ పోలీసుల్లాగే కనిపిస్తారంటారు. ఆ భయం ఉండనే ఉంది. కానీ దాని అడుగున మరొకటేదో గుచ్చుకుంటోంది. మూడో చావు ఉందే, రేకుల కప్పు మీంచి వెల్లకిలా పడేది, దానికి షూటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే ఈవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. విమానం కనిపించింది, అది మాత్రం కనిపించలేదు! ఇలాంటి ప్రేక్షకుల కోసమా తను నడుం విరగ్గొట్టుకున్నది? ఎవరికీ దొరక్కూడదు, కానీ ఒక్కరైనా చూడాలి. ఈ రెండు కోరికలూ ఒకే బుర్రలో ఎలా కాపురం చేస్తున్నాయో అతనికే అంతుపట్టలేదు.

ఇక ఐదో చావు వస్తోంది. అసలు గండం అదే. అందులో అతని ప్యాంటు మోకాలి దగ్గర చిరుగుతుంది. లోపల మోకాలికి కట్టుకున్న మెత్త బయటపడుతుంది. ఆపరేషనయ్యాక ఆ మెత్తను కుట్టిచ్చింది అత్తగారే. ఈ గది కిటికీ తెరలు కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టింది. నీలం మీద పసుపు గొడుగులు. షాటు మళ్ళీ తీయమని ఆ రోజు అతను బతిమాలాడు కూడా. "ఈ సినిమాలో నీ మోకాలు చూసే తలమాసినవాడు ఎవడయ్యా?" అన్నాడు డైరెక్టరు.

బందిపోటు ఎగిరాడు, పడ్డాడు. ప్యాంటు చిరిగింది.

రిమోట్ మీట నొక్కిన చప్పుడైంది. బొమ్మ ఆగిపోయింది.

అదే క్షణాన వీధి తలుపు తీసుకుని, చేతిలో సంచితో భార్య లోపలికొచ్చింది.

"అత్తయ్యా, బొమ్మ కదపండి!" అన్నాడు అల్లుడు.

"రిమోట్ మొరాయిస్తోంది నాయనా," అంది ఆవిడ తాపీగా.

తెర నిండా మోకాలు, మోకాలి నిండా గొడుగులు. టీవీ పక్కనే ఫ్యాను గాలికి కిటికీ తెర ఊగుతోంది. దాని మీదా అవే గొడుగులు. భార్య టీవీని చూసింది, కిటికీని చూసింది, ఆ తర్వాత అతన్ని చూసింది.

అలాంటి గుడ్డ ఏ కొట్లోనైనా దొరుకుతుందనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గోడౌన్ దగ్గర్నుంచి ఎన్ని ఆడాడో! ఒక్కసారిగా అన్నిటి మీదా విసుగేసింది. కుర్చీలో కూలబడి, ఎడమకాలి ప్యాంటును మోకాలి పైదాకా మడిచాడు. వెలిసిపోయిన గొడుగులు బయటపడ్డాయి. వాటి చుట్టూ కాలు ఉబ్బిపోయి ఉంది.

"నేనే," అన్నాడు. "ఐదుసార్లూ నేనే."

"ఆరు," అంది అత్తగారు. "నూతి పక్కన బోర్లా పడ్డవాణ్ణి మర్చిపోయావు."

అతను వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

"చెప్పడానికి ఏడాది పట్టింది మనిషికి!" అంటూ భార్య నిట్టూర్చి, సంచిలోంచి మందపాటి నల్లగుడ్డ తీసి తల్లి ఒళ్ళో పడేసింది. "ఇదిగోనమ్మా, నువ్వు తెమ్మన్న గుడ్డ. ఆ మెత్తకు రెండు పొరలు వేసి కుట్టు. నిన్న మనం ఈ సినిమా చూసినప్పట్నుంచీ నాకు ఒకటే చిరాకు. లోకమే అంతమైపోయాక గొడుగులెక్కడివి?"